తావో కోవెలలయందలి దేవతాధికారులు

చీనాదేశమందలి తావో మతమును మనలో విద్యావంతులు పెక్కుమంది లావోజు పేర వెలసిన చిన్న గ్రంథము మూలముననే యెరుగుదురు. నామరూపములు లేని యొక మూలతత్త్వమే సర్వమునకు నాధారమని బోధించు నా గ్రంథమును చదివినవాడు తావో కోవెలలో నడుగిడినచో నాశ్చర్యపడక మానడు. అందు రూపము లేనిది లేదు. పేరును, బిరుదును, అధికారమును లేని దేవత యొక్కటియు కానరాదు. దీనిని మతభ్రష్టత్వమని యొక్క మాటతో త్రోసివేయుట సులభము. మేమట్లు చేయక, ఆ దేవతలెవరో, వారివలన జనులేమి కోరుచున్నారో విచారింతుము.

పేకింగు నగరమందలి శ్వేతమేఘ మఠము ఎనిమిదవ శతాబ్దమున వెలసినది. ఛ్యూ ఛూజీ యను గురువు తన కడపటి దినములను గడపి, 1227లో నిచ్చటనే దేహము చాలించుటచే దీనికి ప్రఖ్యాతి కలిగెను. 1222లో జంగిజ్ ఖాను ఈ గురువును హిందూకుష్ పర్వతప్రాంతమునకు పిలిపించి, మరణము లేకుండ చేయు మందు కలదా యని యడిగెను. ఆయువును కాపాడుకొను మార్గములు కలవు గాని యట్టి మందు లేదని గురువు బదులుచెప్పెను. లోకమును గడగడలాడించుచున్న విజేత యెదుట నీ మాట పలుకుటకు గుండెధైర్యము కావలయును.

ఆ మఠమున ద్వారమునకు చేరువ కావలిదేవతయు, తరువాతి మందిరమున యూ హ్వాంగ్ అను స్వర్గ చక్రవర్తియు, అన్నిటికి వెనుక మేడమీద త్రిశుద్ధులను మువ్వురు మూర్తులును ఉన్నారు. ఆ మువ్వురిలో నొకడు సాక్షాత్తు లావోజుయే! నామరూపాతీతమును బోధించినవానికే నామరూపములు తగిలించిరి. అయినను సామాన్యుల మొరలు ఆ మేడవరకు పోవుట యరుదు. వారికి కావలసినది క్రింది యధికారులు.

ఈ యధికారుల యేర్పాటు చీనా చక్రవర్తుల రాజ్యతంత్రమునకు నకలు. 1319లో కట్టనారంభించిన పేకింగు తూర్పుపర్వత దేవుని కోవెలలో పరలోకపు సర్కారునకు 76 శాఖలు కలవు. ప్రతి శాఖకు నొక యధికారియు, వాని పరివారమును బొమ్మలుగా నిలిచియున్నవి. ప్రతి యింటి పొయ్యియొద్దను ఒక దేవత కూర్చుండి, సంవత్సరాంతమున స్వర్గమునకు పోయి యా యింటివారి నడవడిని విన్నవించునట. ఆనాడు వాని పెదవులకు బంకవంటి మిఠాయిని పూయుదురు. నోరు తీపియైనను కావలయును, తెరువరాకయైనను పోవలయును! భూమిమీది యుద్యోగికి లంచమిచ్చుట కలవాటుపడినవారు స్వర్గపు టుద్యోగిని మాత్రమేల విడుతురు?

న్యాయవాదులమగు మాకు వీరందరిలో నగరదేవత మిక్కిలి ముఖ్యుడుగా తోచుచున్నాడు. ఇతడు ఆ పట్టణమునకు కంటికి కనబడని న్యాయాధికారి. క్రొత్తగా వచ్చిన జిల్లా యధికారి కొలువులో ప్రవేశించుటకు ముందు నగరదేవత యెదుట, తాను లంచము గొననని, అన్యాయము చేయనని ప్రమాణము చేయవలసియుండెను. ఫార్మోసా ద్వీపమున తైనాను పట్టణపు నగరదేవత కోవెలలో పెద్ద లెక్కపూసల చట్రము వ్రేలాడుచున్నది. పుణ్యపాపముల లెక్క తప్పదని దాని భావము. లోనికి వచ్చువానిని "వచ్చితివా!" యని యొక ఫలకము పలుకరించును. హాంకాంగులో 1847లో కట్టిన మాన్ మో కోవెలలో వివాదపడినవారు పసుపుపచ్చ కాగితముపై శపథము వ్రాసి, కోడిమెడ కోసి, ఆ కాగితమును కాల్చెడివారు.

కోడిని చంపి సత్యమును స్థాపించుట మాకు సమ్మతము కాదు. కాని యా పేదవాడు కోవెలకేల పోయెను? కచేరిలో వాని మాట వినువారు లేకుండిరి. విన్నను వాని భాషగాని, వాని ప్రమాణముగాని యెరిగినవారు తక్కువ. అన్ని కచేరీలకును పైకచేరి యొకటి కలదను నమ్మిక వానికి మిగిలిన యాస్తి. ఆ యాస్తిని విగ్రహములతో కలిపి యెత్తివేయ బూనినవారికేమి జరిగినదో చూడుడు.

1370లో మింగు వంశస్థాపకుడగు హుంగ్వు చక్రవర్తి నగరదేవతల బిరుదులను రద్దుపరచి, విగ్రహములను తీసివేసి, వాని స్థానమున పేరు వ్రాసిన కొయ్యపలకల నుంచవలయునని యాజ్ఞాపించెను. చక్రవర్తి ఆజ్ఞ కాగితముమీద నిలిచెను. విగ్రహములు తిరిగి పీఠములెక్కెను. 1928లో నాన్‌కింగు ప్రభుత్వము ఏ దేవతలను ఉంచవచ్చునో, ఎవరిని తొలగింపవలయునో ఒక పట్టిక ప్రకటించెను. లావోజును, వీరుడగు క్వాన్ యూను ఉంచిరి. నగరదేవతను, ధనదేవతను తొలగించిరి. విద్యావంతులు గౌరవింపదగినవారు నిలిచిరి. సంతలో కూరగాయ లమ్మువాడు మొరపెట్టుకొనువారు పోయిరి. పట్టికను వ్రాసినవారి సదుద్దేశమును మేము శంకింపము, కాని వారు తమ యభిరుచినే సంస్కారమని యెంచిరని మా తలంపు. కొన్నిచోట్ల విగ్రహములు పగులగొట్టబడెను. మరికొన్నిచోట్ల జనులు తిరుగబడిరి. 1966లో నారంభమైన సాంస్కృతిక విప్లవము పట్టికలతో తృప్తినొందక కోవెలలనే మూయించెను.

షాంఘై పట్టణపు నగరదేవత కోవెలయు అప్పుడు మూతపడి, 1994లో మరల తావో పురోహితుల స్వాధీనమయ్యెను. 1842లో ఆంగ్లేయులనుండి వూసుంగు కోటను కాపాడ పోరాడి మరణించిన ఛెన్ హ్వాఛెంగ్ అను సేనాని యందు నగరదేవతలలో నొకడుగా నేడు పూజ లందుకొనుచున్నాడు.