గీత యంత్రానిది, బాధ్యత మనది

నా ఉద్యోగ జీవితమంతా దవడ స్కాన్లు చదవడంలోనే గడిచింది. ఎముకను, పళ్లను వేరుచేసి రంగులు వేసే పని ఇప్పుడు కంప్యూటర్ చేస్తోంది. ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు నా అనుభవం కొంత చెబుతాను.

1. ముందు స్కాన్‌ను చూడండి. సీబీసీటీ (దవడ, పళ్లకు తీసే 3డీ స్కాన్) తీసేటప్పుడు మనిషి కదిలినా, నోట్లో మెటల్ క్యాపు ఉన్నా బొమ్మ చెడుతుంది. చెరిగిపోయిన అంచును ఏ ప్రోగ్రామూ తిరిగి తేలేదు, ఊహించి గీస్తుంది.

2. పంటి వేరు దగ్గర నిదానించండి. వేరుకూ ఎముకకూ మధ్య సందు సుమారు 0.2 మిల్లీమీటర్లు. వాక్సెల్ అనే చిన్న గడి చాలా స్కాన్లలో 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ సందు ఒక్క గడిలోనే కలిసిపోవచ్చు. పైగా మామూలు సీటీలోలా సీబీసీటీలో తెలుపు నలుపుల కొలత నికరంగా ఉండదు. ఇంత తెల్లగా ఉంటేనే ఎముక అని లెక్క పెట్టుకుంటే, పలచని ఎముక ఉన్నచోట రంధ్రం కనబడుతుంది.

3. ప్రోగ్రామ్ ఎవరి దవడలు చూసి నేర్చుకుందో అడగండి. 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ నుంచి వచ్చిన యూ-నెట్ అనే నెట్‌వర్క్ ఈ పనికి దారి వేసింది. 2024 నాటి డెంటల్‌సెగ్మెంటేటర్ అనే ప్రోగ్రామ్ 470 స్కాన్లతో నేర్చుకుంది. పై దవడ, కింది దవడ, పై పళ్లు, కింది పళ్లు, కింది దవడలో నరం వెళ్లే కాలువ అని అయిదు భాగాలు చేస్తుంది. ఉచితంగా దొరుకుతుంది. మెచ్చుకోదగ్గ పని. అయినా అరిగిన పళ్లు, పీకించుకున్న ఖాళీలు ఉన్న మన వాళ్ల స్కాన్లు కొన్ని మీరే చేత్తో గీసి, పోల్చాకే నమ్మండి.

4. మార్కులు చూసి మురిసిపోవద్దు. రెండు గీతలు ఎంతవరకు కలిశాయో డైస్ స్కోరు చెబుతుంది, ఎక్కడ తప్పాయో చెప్పదు. అంత పెద్ద దవడలో ఒకచోట మిల్లీమీటరు తప్పితే స్కోరు పెద్దగా కదలదు. ఆ తప్పు జ్ఞానదంతం కింది నరం దగ్గరైతే, ఆ గీతను నమ్మి పన్ను తీసినప్పుడు పెదవి మొద్దుబారిపోవచ్చు.

5. పంటి నంబరు పేషెంటునడిగి ఖాయం చేసుకోండి. 46 నంబరు పన్ను పీకించుకున్నాక దాని వెనకున్న 47 ముందుకు ఒరుగుతుంది. నంబర్లు వేసే ప్రోగ్రామ్ దాన్నే 46 అనుకోవచ్చు. పాలపళ్లు, కొత్తపళ్లు కలిసి ఉన్న పిల్లల దగ్గర మరింత జాగ్రత్త.

6. గంగారం ఎంత దూరమో గుర్తుంచుకోండి. మహబూబాబాద్ జిల్లాలోని ఆ ఏజెన్సీ మండలంలోని కోయ గూడెం నుంచి వరంగల్‌కో, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత కళాశాలకో రావాలంటే కూలి పోతుంది, తోడు మనిషి కావాలి. మనిషి కన్నా ముందు ఫైలును రప్పించండి. ఫోన్లో తీసిన ఫొటో పనికిరాదు, స్కానర్ ఇచ్చే అసలు డైకామ్ ఫైలే కావాలి. చికిత్సకు కాక ఇంకెందుకు వాడినా పేరు తీసేయండి. గీతలు ముందే సరిచూసి పెట్టుకుంటే ఆ గూడెం పేషెంటుకు ఒక రాక తగ్గుతుంది. తొందరపడి ఒప్పుకున్న గీతకు నష్టపోయేది ఆయనే. కాబట్టి ప్రతి పొరా మీ కళ్లతో చూశాకే సంతకం పెట్టండి.