పాఠం 11: రైలు నడిపేవారి జీతం – కిలోమీటరు భత్యం

ప్రవేశిక

రోజుకూలి, నెలజీతం, పనిని బట్టి కూలి అనే మూడు పద్ధతులను గురించి కిందటి పాఠంలో తెలుసుకొన్నారు. ఈ మూడు పద్ధతులూ ఒకే మనిషి జీతంలో కలిసి కనిపించే ఉద్యోగం ఒకటి ఉంది. అది రైలు నడిపే ఉద్యోగం. ఈ పాఠం చదివిన తరువాత మీరు కిలోమీటరు భత్యాన్ని లెక్కకట్టగలుగుతారు. అందులో జీతం ఎంత, దారి ఖర్చు ఎంత అనే విషయం మీద ఉద్యోగులకూ రైల్వే శాఖకూ మధ్య ఎన్నో ఏళ్ళుగా వాదం ఎందుకు సాగుతున్నదో చెప్పగలుగుతారు.

11.1 ఖరగ్‌పూర్‌లో తెలుగువారు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ జంక్షనూ, తరువాత పెద్ద వర్క్‌షాపూ నిర్మించింది. ఆ కంపెనీ లైను వాల్తేరు దాకా ఉండేది. అందువల్ల శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎందరో పనికోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఈనాటికీ ఈ ఊరి రైల్వే కాలనీలలో తెలుగు వినిపిస్తుంది. 1920లలో ఈ రైల్వే కార్మికుల పోరాటాలకు నాయకత్వం వహించిన వారిలో మన వి. వి. గిరి ఒకరు. తరువాత ఆయన భారత రాష్ట్రపతి అయ్యారు.

రైలు నడిపేవారిని ‘రన్నింగ్ సిబ్బంది’ అంటారు. లోకో పైలెట్ (పూర్వం డ్రైవరు), సహాయ లోకో పైలెట్, ట్రైన్ మేనేజర్ (2022 వరకు గార్డు) ఈ వర్గంలోకి వస్తారు. పూర్వం వీరి ఇళ్ళకు వేళకాని వేళ కాల్‌బాయ్ పుస్తకం పట్టుకొని వచ్చి, తలుపు తట్టి, డ్యూటీకి పిలుపు అందినట్లు సంతకం చేయించుకొనేవాడు. ఇప్పుడు ఆ పని ఫోను చేస్తున్నది. పిలుపు వచ్చే వేళ మాత్రం మారలేదు.

11.2 లెక్క ఎలా కడతారు?

వర్క్‌షాపు ఉద్యోగికి మూలవేతనం, కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం ఉంటాయి. పని మీద పొరుగూరు వెళితే ప్రయాణ భత్యం ఇస్తారు. రన్నింగ్ సిబ్బంది ఉద్యోగమే పొరుగూరు వెళ్ళడం. అందువల్ల వీరికి ప్రయాణ భత్యానికి బదులు, నడిపిన దూరాన్ని బట్టి కిలోమీటరు భత్యం ఇస్తారు. పూర్వం మైళ్ళలో లెక్కించేవారు.

ఒక ఉదాహరణ చూద్దాం. లెక్క సులభంగా ఉండడానికి 100 కిలోమీటర్లకు 500 రూపాయలు అనుకొందాం. (అసలు రేట్లు హోదాను బట్టి మారుతాయి.) ఒక లోకో పైలెట్ ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు రైలు నడిపి, మరో రైలుతో తిరిగి వచ్చాడు. దూరం 230 కిలోమీటర్లు, భత్యం 1,150 రూపాయలు. మరొకరు నిమ్‌పురా యార్డు నుంచి గూడ్సు తీసుకొని టాటానగర్ చేరారు. దూరం సుమారు 134 కిలోమీటర్లు, భత్యం 670 రూపాయలు. అయితే గూడ్సు బండి దారిలో ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇస్తూ లూప్‌లైన్లలో ఆగిపోతుంది. అందువల్ల ఈ రెండో వ్యక్తి పది గంటలు ఇంజనులో కూర్చొని ఉండవచ్చు. ఆగిన బండికి కిలోమీటర్లు పెరగవు కదా!

ఈ లోటును గంటల లెక్క కొంతవరకు పూరిస్తుంది. రెండు వారాలలో 104 గంటలకు మించి పనిచేస్తే ఆ అదనపు గంటలకు ఓవర్‌టైం వస్తుంది. శిక్షణకో, కోర్టులో సాక్ష్యానికో శాఖ పంపినప్పుడు రైలు నడపకపోయినా రోజుకు 160 కిలోమీటర్ల లెక్కన భత్యం ఇస్తారు.

మీరే చేయండి: మొదటి లోకో పైలెట్ ఆ పని ఏడు గంటలలో ముగించాడనుకోండి. ఇద్దరికీ గంటకు ఎంత భత్యం వచ్చిందో లెక్కకట్టండి.

11.3 ఒప్పందం ఎవరితో?

అమెరికాలో రైలు సిబ్బంది జీతం కార్మిక సంఘాలకూ రైల్వే కంపెనీలకూ మధ్య జరిగే ఒప్పందాల ద్వారా నిర్ణయమవుతుంది. అక్కడ చాలాకాలం 100 మైళ్ళు నడిపితే ఒక దినం పనిగా లెక్కించేవారు. తరువాతి ఒప్పందాలు దానిని 130 మైళ్ళకు పెంచాయి. అంటే అదే కూలికి ఎక్కువ దూరం నడపాలి. కొలబద్దను ఎవరు పట్టుకొన్నారన్నది ఎంత ముఖ్యమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

మన దేశంలో మూలవేతనాన్ని వేతన సంఘం సిఫార్సుల మీద ప్రభుత్వం నిర్ణయిస్తుంది. కిలోమీటరు రేటు మాత్రం రైల్వే బోర్డుకూ గుర్తింపు పొందిన ఉద్యోగుల సమాఖ్యలకూ మధ్య చర్చలలో తేలుతుంది. ఈ చర్చల కోసం 1952 నుంచి శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం ఉంది. చర్చలు నెమ్మదిగా సాగుతాయి. ఏడో వేతన సంఘం తరువాత కొత్త రేట్ల ఉత్తర్వు 2019లో వెలువడింది. 100 కిలోమీటర్లకు 255 రూపాయలు ఉన్న భత్యం సుమారు 520 రూపాయలైంది. దానిని 2017 జూలై నుంచి వర్తింపజేశారు గనుక బకాయిలు చెల్లించవలసి వచ్చింది.

చర్చలు విఫలమైన సందర్భాలూ ఉన్నాయి. 1973 ఆగస్టులో లోకో సిబ్బంది దేశమంతటా సమ్మె చేశారు. పద్నాలుగు, పదహారు గంటలు ఇంజనులో ఉండడం అప్పట్లో వింత కాదు. పని గంటలను పదికి పరిమితం చేయడానికి ప్రభుత్వం అంగీకరించింది. మరుసటి ఏడు మే 8న మొదలైన అఖిల భారత రైల్వే సమ్మె ఇరవై రోజులు సాగింది. అరెస్టులు, ఉద్యోగాల తొలగింపుల మధ్య అది ముగిసింది.

11.4 భత్యంలో జీతం పాలు

ఇది పాఠంలో ముఖ్యభాగం. నెమ్మదిగా చదవండి.

కిలోమీటరు భత్యం రెండు పాళ్ళ మిశ్రమం. ఒక పాలు ఇంటికి దూరంగా ఉన్నప్పటి తిండి మొదలైన ఖర్చులకు. రెండో పాలు అసలు జీతమే. రైలు నడిపే పనికి తగిన మూలవేతనం ఇవ్వకుండా, అందులో కొంత భాగాన్ని భత్యం రూపంలో ఇస్తున్నారన్న మాట. 1981 నుంచి అమలైన పద్ధతిలో మూలవేతనంలో 30 శాతాన్ని జీతం పాలుగా తీసుకొని, దానికి నెలలో 20 రోజుల ప్రయాణ భత్యాన్ని కలిపి, సగటున నెలకు నడిపే కిలోమీటర్లతో భాగించి రేటు కట్టారు.

సెలవు పెట్టినవాడు రైలు నడపడు, అతనికి కిలోమీటర్లు లేవు. మరి జీతంలోని ఆ పాలు కూడా పోవలసిందేనా? పోకూడదు గనుకనే సెలవు జీతానికి మూలవేతనానికి 30 శాతం కలుపుతారు. పదవీ విరమణ ప్రయోజనాల లెక్కకు 55 శాతం కలుపుతారు.

ఈ 55 శాతం వెనుక పెద్ద తగాదా ఉంది. పూర్వపు నియమం ప్రకారం పింఛను లెక్కలో గరిష్ఠంగా 75 శాతం కలిపేవారు. 1988 డిసెంబరులో రైల్వే శాఖ ఆ నియమాన్ని సవరించింది. అంతటితో ఆగక, సవరణ 1973 జనవరి 1 నుంచే అమలులో ఉన్నట్లు ప్రకటించింది. దాని ప్రకారం 1979 మార్చి వరకు 45 శాతం, ఆ తరువాత 55 శాతం. చివరి మూలవేతనం 1,000 రూపాయలు ఉన్న డ్రైవరుకు పింఛను లెక్కకు తీసుకొనే మొత్తం గరిష్ఠంగా 1,750 కావలసి ఉండగా 1,450కి పడిపోయింది. రిటైరై ఊరు చేరి, పింఛను మీద బతుకుతున్న మనిషికి పదిహేనేళ్ళ కిందటి తేదీతో కోత విధించారు!

పింఛనుదారులు న్యాయస్థానాలకు వెళ్ళారు. 1997 జూలైలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వారి పక్షాన తీర్పు చెప్పింది. రిటైరైన నాటి నియమం ప్రకారం పొందిన హక్కును వెనుక తేదీతో తీసివేయడం చెల్లదన్నది ఆ తీర్పు సారం. 1988 డిసెంబరు తరువాత రిటైరైన వారికి మాత్రం 55 శాతమే నిలిచింది.

2004 జనవరి 1 నుంచి ఉద్యోగంలో చేరినవారికి పింఛను పద్ధతే వేరు. దాన్ని మరో పాఠంలో చూద్దాం.

పాఠ్యాంత ప్రశ్నలు

1. ప్రయాణ భత్యానికీ కిలోమీటరు భత్యానికీ గల తేడాను నాలుగు వాక్యాలలో రాయండి.

2. మూలవేతనం 40,000 రూపాయలు అయితే 30 శాతం, 55 శాతం కలిపినప్పుడు మొత్తం ఎంత అవుతుంది?

3. మీ ఊరిలో ట్రిప్పుల లెక్కన కూలి తీసుకొనే లారీ లేదా ఆటో డ్రైవరును కలవండి. బండి ఆగిపోయిన రోజు ఆయనకు ఏమి వస్తుందో అడిగి తెలుసుకొని, రైల్వే పద్ధతితో పోల్చి రాయండి.