ముందు పరీక్ష మగవాడికి: చేయవలసినవి - చేయకూడనివి

పెళ్లయి ఏడాది దాటినా నెల తప్పకపోతే హైదరాబాద్ మూసాపేటలోనూ అందరి చూపూ కోడలి మీదే. ఆమెకు స్కాన్లు, రక్తపరీక్షలు, ఉపవాసాలు అన్నీ అయ్యాక గానీ అబ్బాయి వంతు రాదు. నిజానికి అతనికి చేసే వీర్యపరీక్షకు ఖర్చు తక్కువ, సూదిపోటు లేదు.

చేయవలసినవి

ఆ పరీక్ష మొదటే చేయించుకోండి. దానికి ముందు 2 నుంచి 7 రోజులు వీర్యస్ఖలనం కాకూడదు. శాంపిల్ గంటలోపు ల్యాబ్‌కు చేరాలి. కూకట్‌పల్లి ట్రాఫిక్ తెలిసినవాళ్లు అక్కడికే వెళ్లి ఇవ్వడం మేలు. ఒక్క రిపోర్టుకే కుంగిపోకండి. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, ఆ వ్యవధిలో వచ్చిపోయిన జ్వరం కూడా ఈనాటి లెక్కను తగ్గించవచ్చు. మళ్లీ చేయించండి.

రెండోసారీ కణాలు కనిపించకపోయినా, మరీ తక్కువున్నా కార్యోటైప్ (క్రోమోజోమ్‌ల సంఖ్య, ఆకృతి చూసేది), వై క్రోమోజోమ్ మైక్రోడిలీషన్ (అందులో చిన్న ముక్కలు పోయాయేమో చూసేది) పరీక్షల గురించి డాక్టర్‌ను అడగండి. హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త తంగరాజ్ బృందం వీర్యకణాలు లేని 340 మందిని పరిశీలించి 2003లో ఫలితాలు ప్రచురించింది. వారిలో 29 మందికి వై క్రోమోజోమ్‌లో కొంత భాగం లేదు. పోయింది ఏ భాగమన్నదే అసలు సంగతి. వీర్యకణాల తయారీకి కావలసిన వై భాగాలను ఏజెడ్ఎఫ్-ఎ, బి, సి అంటారు. పోయింది ఏజెడ్ఎఫ్-సి అయితే వృషణం నుంచి కణాలు దొరికే ఆశ ఉంటుంది. ఏజెడ్ఎఫ్-ఎ పూర్తిగా పోతే ఆపరేషన్ చేసి వెతికినా ఫలితం ఉండదు. ‘సి’ లోపంతో ఇక్సీ (ఒక్క వీర్యకణాన్ని అండంలోకి ఎక్కించే పద్ధతి) చేయించుకుని కొడుకును కంటే వాడికీ అదే లోపం వస్తుంది. అందుకే జెనెటిక్ కౌన్సెలింగ్ ఇక్సీకి ముందే కావాలి, దంపతులిద్దరూ కలిసి వెళ్లాలి.

చేయకూడనివి

జిమ్‌లో ఎవరో చెప్పారని టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వేసుకోవద్దు. హార్మోన్ బయటి నుంచి అందుతుంటే పిట్యూటరీ గ్రంథి వృషణాలను పురమాయించడం మానేస్తుంది. కండ పెరుగుతుంది, కణాలు పడిపోతాయి. మానేశాక చాలామందికి తిరిగొస్తాయి గానీ నెలలు పడుతుంది.

ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి పనిచేయకండి. వృషణాలకు ఒంటివేడి కన్నా 2 నుంచి 4 డిగ్రీలు తక్కువ కావాలి. అలాగని ల్యాప్‌టాప్ బల్ల మీదికి మారిస్తే జన్యులోపం పోదు. పొడులూ లేహ్యాలూ అంతే.

ఇంకొకటి. 2024లో సీసీఎంబీ సంతానలేమితో ముడిపెట్టిన టెక్స్13బి జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది, అంటే మగవాడికి తల్లి నుంచే వస్తుంది. ఇది విని కోడలిని వదిలి అత్తను నిలదీయకండి. రెండో ఎక్స్ ఉన్న ఆమెకు తనలో ఆ జన్యులోపం ఉన్నట్టే తెలియదు.