నీలం ఎంతసేపు నిలుస్తుంది? – పాలకు రంగు పరీక్ష



పొదుగు కడిగే నీళ్ళలో చిటికెడు పొటాషియం పర్మాంగనేటు వేస్తే నీళ్ళు గులాబీ రంగుకు వస్తాయని మనందరికీ తెలుసు. మురికి పడేకొద్దీ ఆ రంగు పోయి నీళ్ళు గోధుమ రంగుకు తిరుగుతాయి. మురికిని ఆక్సీకరించడంలో పర్మాంగనేటు ఖర్చయిపోయిందన్నమాట. ఆ నీళ్ళు పారబోసి కొత్తవి కలుపుకోవాలి.

ప్రయోగశాలలో ఈ రంగు మార్పునే కొలతగా వాడతారు. ఆమ్లం కలిపిన ఫెర్రస్ లవణ ద్రావణంలోకి బ్యూరెట్ నుంచి పర్మాంగనేటును చుక్క చుక్కగా వదులుతారు. ఇనుము ఆక్సీకరణం చెందుతుంది. పర్మాంగనేటు క్షయకరణం చెంది రంగు కోల్పోతుంది. ఫెర్రస్ ఇనుము అంతా మారిపోయాక పడిన చుక్క రంగు పోకుండా నిలుస్తుంది. అక్కడ ఆపి, ఎన్ని మిల్లీలీటర్లు ఖర్చయిందో చూసి లెక్క కడతారు. దీన్నే అంశమాపనం అంటారు.

మన పాలకు చేసే మిథిలీన్ బ్లూ పరీక్షకూ ఆధారం ఆక్సీకరణ, క్షయకరణలే. అక్కడ మిల్లీలీటర్లు లెక్కిస్తే ఇక్కడ గంటలు లెక్కిస్తాం. పాలలో ఆక్సిజన్ కరిగి ఉన్నంతసేపు ఈ రంగు నీలంగా ఉంటుంది. పాలలోని సూక్ష్మజీవులు పెరుగుతూ ఆ ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. అది తరిగిపోయాక మిథిలీన్ బ్లూ క్షయకరణం చెంది రంగులేనిదవుతుంది. సూక్ష్మజీవులు ఎంత ఎక్కువైతే నీలం అంత త్వరగా పోతుంది.

పరీక్ష చేసే విధం:

1. సూక్ష్మజీవరహితం చేసిన పరీక్ష నాళికలో 10 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు మిథిలీన్ బ్లూ ద్రావణం తీసుకోవాలి.

2. బిరడా బిగించి, నెమ్మదిగా తలకిందులు చేసి కలపాలి. 37 డిగ్రీల సెంటిగ్రేడు నీటి తొట్టిలో వెలుతురు తగలకుండా ఉంచాలి.

3. మరిగించిన పాలలో రంగు కలిపిన నాళికను పోల్చి చూసేందుకు పక్కనే ఉంచాలి.

4. మొదట అరగంటకు, తరువాత గంట గంటకు చూడాలి. నాళికను గట్టిగా కుదపరాదు. గాలి కలిస్తే పోయిన నీలం మళ్ళీ వస్తుంది.

భారత ప్రమాణాల ప్రకారం నీలం 5 గంటలు, అంతకు మించి నిలిస్తే పాలు చాలా మంచివి. 3 నుంచి 4 గంటలైతే మంచివి. 1 నుంచి 2 గంటలైతే ఫరవాలేదు. అరగంటలోపే పోతే నాసిరకం.

ఈ లెక్క మనకెందుకు? కొలత పాత్రలో విడివిడిగా పోసినా, క్యానులో అందరి పాలూ ఒకటవుతాయి. నలభై మంది శుభ్రంగా పితికి తెచ్చిన పాలలో, రాత్రి మిగిలిన పాలు ఒకరు కలిపితే చాలు. క్యాను విరిగిందని వెనక్కి వస్తే నష్టం నలభై ఒక్క ఇళ్ళది. అందుకే అనుమానం వచ్చినప్పుడు మనుషులను కాదు, ఎవరి పాలు వారివిగా నాళికలో పెట్టి చూడాలి. నాళికకు చుట్టరికం, పగ రెండూ తెలియవు.

అయితే నాళిక చెప్పిందే తుది తీర్పు కాదు. పొదుగువాపు ఉన్న పశువు పాలలో తెల్ల రక్తకణాలు ఎక్కువగా ఉండి నీలం త్వరగా పోవచ్చు. యాంటీబయాటిక్ ఇచ్చిన పశువు పాలలో సూక్ష్మజీవులు పెరగక నీలం ఎక్కువసేపు నిలవవచ్చు. ఆ పాలు సంఘానికి పోయరాదు. బల్క్ కూలరులో చల్లబరచిన పాలలోనూ, చలికి పెరిగే కొన్ని సూక్ష్మజీవులు నీలాన్ని త్వరగా పోగొట్టలేవు.

పాలు విరగకుండా హైడ్రోజన్ పెరాక్సైడు కలిపితే ఎవరికి తెలుస్తుందని కొందరు అనుకుంటారు. పొటాషియం అయొడైడు, పిండి ద్రావణం వేస్తే అదీ బయటపడుతుంది. పెరాక్సైడు అయొడైడును ఆక్సీకరించి అయొడిన్‌ను విడుదల చేస్తుంది. పిండితో కలిసి అది నీలమవుతుంది. ఒక పరీక్షలో నీలం నిలవడం మంచిది, ఇంకొక పరీక్షలో నీలం రావడం తప్పుకు సాక్ష్యం.

నీలం ఎక్కువసేపు నిలవాలంటే మార్గం మన కొట్టంలోనే ఉంది. చేతులు, పొదుగు కడిగి తుడవాలి. తొలి ధారలు వేరే గిన్నెలో పిండాలి. పాత్ర వేడినీళ్ళతో కడిగి ఎండలో బోర్లించాలి. నిన్నటి పాలు నేటి పాలలో కలపరాదు. పితికిన పాలను ఆలస్యం చేయకుండా కేంద్రానికి చేర్చాలి.