ఓటు వేయడానికి లెక్క చూస్తామా?

ఇంగోల్‌స్టాట్ అనగానే మీకు ఆడీ కార్లు గుర్తొస్తాయి కదా! ఇది చదువుల ఊరు కూడా. 1472లోనే ఇక్కడ విశ్వవిద్యాలయం పెట్టారు. తర్వాత అది వేరే ఊరికి వెళ్ళిపోయింది లెండి. ఇప్పుడు కాథలిక్ విశ్వవిద్యాలయం వారి ఆర్థికశాస్త్ర విభాగం ఈ ఊళ్ళోనే ఉంది.

కాలేజీ సెమినార్ మీ బడిలో క్లాసులా ఉండదు. ప్రొఫెసర్ తక్కువ మాట్లాడతారు. ఒక్కో విద్యార్థి ఒక్కో విషయం చదివి, వ్యాసం రాసి, అందరి ముందూ చెప్పాలి. చెప్పడం అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టరు. వేళ్ళతో బల్ల మీద టకటక కొడతారు! మన ఊళ్ళ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు మొదటిసారి అది విని కంగారుపడతారు.

"రాజకీయాల ఆర్థికశాస్త్రం" అనే సెమినార్‌కి గుంటూరు నుంచి వచ్చిన ఒక అక్క వెళ్ళిందనుకుందాం. బజారులో మనం లాభం, ఖర్చు చూసుకుంటాం. ఓటరూ, నాయకుడూ అలాగే చూసుకుంటారా? అక్కడ చర్చించేది ఇదే. 1957లో ఆంథొనీ డౌన్స్ అనే అమెరికన్ దీని మీద పుస్తకం రాశాడు. ఓటరు అన్ని విషయాలూ తెలుసుకోకపోవడం బద్ధకం కాదు, తెలుసుకోవడానికి బోలెడు సమయం ఖర్చవుతుంది, ఒక్క ఓటుతో ఫలితం మారేది తక్కువ అంటాడు. ఇంగోల్‌స్టాట్ నగర మండలి ఎన్నికలే చూడండి. 50 మంది సభ్యులు, కాబట్టి ఒక్కొక్క ఓటరుకి 50 ఓట్లు! ఒకే మనిషికి మూడు దాకా వేయొచ్చు. బ్యాలెట్ కాగితం దుప్పటంత ఉంటుంది. అందులో పేర్లన్నీ ఎవరు చదువుతారు చెప్పండి?

అక్క తీసుకున్న విషయం 1983 నాటి ఆంధ్రప్రదేశ్. ఎన్.టి. రామారావు గారు కిలో బియ్యం రెండు రూపాయలకే ఇస్తామన్నారు, ఎన్నికల్లో గెలిచారు, ఇచ్చారు. ఆమె చెప్పడం ముగించగానే ఒక జర్మన్ అబ్బాయి అడిగాడు: "ఇది ఓట్లు కొనడం కాదా?"

అక్కకి మొహం వేడెక్కింది. వెంటనే ఎదురు ప్రశ్న వేసింది. "2018 సెప్టెంబర్‌లో బవేరియా ప్రభుత్వం చిన్నపిల్లల తల్లిదండ్రులకి ఫామిలియెన్‌గెల్డ్ మొదలుపెట్టింది కదా? నెలకి 250 యూరోలు. అక్టోబర్‌లో ఎన్నికలు. మరి దాన్ని ఏమంటావు?"

గది అంతా నవ్వు. తర్వాత అసలు వాదన మొదలైంది. "ఎన్నికల ముందు రాత్రి చేతిలో నోట్లు పెట్టడం వేరు. ఆ బియ్యం ఓటు వేయనివాళ్ళకి కూడా వచ్చింది" అంది అక్క. "సరే, కానీ డబ్బు పన్నుల నుంచే కదా వస్తుంది? ఓటు వేసేటప్పుడు ఆ బిల్లు ఎవరికీ కనబడదు" అన్నాడు అబ్బాయి. అది గట్టి మాటే. అక్క దగ్గర ఇంకో గట్టి మాట ఉంది: "మా వైపు చాలా ఇళ్ళల్లో జొన్నలూ, రాగులే తిండి. వరి అన్నం పండగకే. ఆ ఇంట్లోవాళ్ళు బియ్యం చూసి ఓటేస్తే, అది తెలివితక్కువ లెక్కా?"

ప్రొఫెసర్ ఎవరిది గెలుపో చెప్పలేదు. బల్లలు మాత్రం టకటకలాడాయి.

కొత్త మాటలు: పన్ను (ప్రభుత్వానికి మనం కట్టే డబ్బు), వాదన (కారణాలు చెప్పి మాట్లాడడం), జొన్నలు, రాగులు (చిరుధాన్యాలు).

మీ పని: ఈ ఆదివారం అమ్మమ్మకో, తాతయ్యకో ఫోన్ చేయండి. "మీ చిన్నప్పుడు రోజూ అన్నమే తినేవాళ్ళా?" అని అడగండి. వాళ్ళు చెప్పింది ఐదు వాక్యాల్లో రాయండి. తర్వాత అక్క వైపో, ఆ అబ్బాయి వైపో నిలబడి, ఎందుకో ఇంట్లో చెప్పండి. ఎదుటివాళ్ళ మాట నచ్చితే బల్ల కొట్టడం మరిచిపోకండి.