వెలిగే ప్లాస్టిక్: గొలుసులో ఒక్క బగ్

నేను కెమిస్ట్రీని ఇంటర్మీడియట్‌తోనే వదిలేసినవాణ్ణి. మీలో చాలామందిదీ అదే కథ అనుకుంటాను. అయినా ఈసారి కోడు పక్కన పెట్టి, కరెంటు ఇస్తే వెలిగే పాలిమర్ల గురించి చెప్పుకుందాం. వాటి తయారీలో ఉన్న చిక్కు మనకు కొత్తదేమీ కాదు.

పాలిమర్ అంటే చిన్న అణువులు (మొనోమర్లు) వందలూ వేలూ అతుక్కున్న గొలుసు. మామూలు ప్లాస్టిక్ కరెంటును పోనివ్వదు. గొలుసు పొడుగునా కార్బన్ల మధ్య ఏకబంధం, ద్విబంధం ఒకదాని తర్వాత ఒకటి వస్తే మాత్రం ఎలక్ట్రాన్లకు దారి దొరుకుతుంది. 1990లో కేంబ్రిడ్జ్‌లో జెరెమీ బరోస్, రిచర్డ్ ఫ్రెండ్, ఆండ్రూ హోమ్స్ తదితరులు పీపీవీ అనే ఇలాంటి పాలిమర్‌ను పల్చటి పొరగా పూసి కరెంటు పంపితే, ఆకుపచ్చ చాయ కలిసిన పసుపు వెలుగు వచ్చింది. తమాషా ఏమిటంటే పీపీవీ ఏ ద్రావణిలోనూ కరగదు. మరి పూసిందెలా? ముందు కరిగే రకం పాలిమర్‌ను పూసి, తర్వాత వేడిచేసి, ఉన్నచోటే దాన్ని పీపీవీగా మార్చారు. సోర్సు కోడు పంపి అక్కడే కంపైల్ చేసినట్టన్నమాట!

నీలం రంగుకు పాలీఫ్లోరీన్ కావాలి. దీన్ని తరచుగా సుజుకి చర్యతో చేస్తారు (ఆ సుజుకికే 2010లో నోబెల్ వచ్చింది). ఒక మొనోమర్‌కు రెండు చివర్లా బ్రోమిన్, ఇంకోదానికి రెండు చివర్లా బోరాన్ ఉంటాయి. పలేడియం ఉత్ప్రేరకం వాటిని జతచేస్తూ పోతుంది. రెండూ సరిసమానంగా వేసినా, చివర్లలో 99 శాతం జతపడితే సగటు గొలుసు 100 లింకులే. వెయ్యి కావాలంటే 99.9 శాతం జతపడాలి. సర్వర్ అప్‌టైమ్ కోసం తొమ్మిదులు లెక్కపెట్టేవాళ్ళకు ఈ బాధ తెలుసు.

అసలు బగ్ ఇంకోటుంది. మొనోమర్‌కు రెండు పక్కతోకలు ఉండాల్సినచోట ఒక్కటే ఉంటే, ఆ లింకు ఆక్సిజన్‌తో తేలిగ్గా కలిసి కీటోన్‌గా మారుతుంది. వందల్లో ఒక్కటి అలా మారినా, గొలుసు వెంట పరుగెత్తే శక్తి అంతా వెళ్ళి ఆ గుంటలో పడుతుంది. నీలం కాస్తా ఆకుపచ్చకు తిరుగుతుంది. లింక్డ్ లిస్టులో చెడిన నోడును తీసేసి మళ్ళీ కలపగలం. ఇక్కడ అది కుదరదు, అన్నీ గట్టి బంధాలే. అందుకే శుద్ధి అంతా గొలుసు కట్టకముందు, మొనోమర్ దగ్గరే జరగాలి.

2002లో ఫిలిప్స్ వారి ఒక షేవర్ మీద పాలిమర్ డిస్‌ప్లే వచ్చింది. ఇక ఫోన్లలోకి పాలిమర్లే వస్తాయని ఆశపడ్డవాళ్ళున్నారు. కానీ నేటి ఓఎల్‌ఈడీ ఫోన్లలో వెలిగేవి దాదాపు అన్నీ చిన్న అణువులే. వాటిని శూన్యంలో ఆవిరిచేసి, మలినాలు వదిలించి, మళ్ళీ గడ్డకట్టించవచ్చు. పాలిమర్ ఆవిరి కాదు, అంతకుముందే విరిగిపోతుంది.