రథ నిర్మాణం - రహదారి ధర్మం

పాఠ్యభాగ ఉద్దేశం: యంత్రాన్ని స్వయంగా నిర్మించుకోవడంలోని ఆనందాన్నీ, దానిని నలుగురూ నడిచే దారిలోకి తీసుకొనిరావడంలోని బాధ్యతనూ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి నిర్మాతల చరిత్రను గర్భంలో దాచుకొన్న ఊరు. ఇక్కడి తవ్వకాలలో బౌద్ధ మహాస్తూపం, విహారాల పునాదులు, కంచు బుద్ధ విగ్రహం వెలుగుచూశాయి. భద్రాచల రామాలయాన్ని కట్టించిన కంచర్ల గోపన్న జన్మస్థలం కూడా ఇదే. ప్రభుత్వ ధనాన్ని ఆలయ నిర్మాణానికి వినియోగించినందుకు ఆయన గోలకొండ చెరసాలలో మగ్గవలసి వచ్చిందని ప్రసిద్ధి. నిర్మించాలనే తపన ఎంత పవిత్రమైనదైనా, నిర్మాత లోకానికి లెక్క చెప్పక తప్పదని ఆ కథ మనకు గుర్తుచేస్తుంది. ఈ సత్యం ఆలయాలకే కాదు, వీథిలో తిరిగే వాహనానికి కూడా వర్తిస్తుంది.

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. నేటి యువకుడు ఆ వరుసలో “కారు కట్టి చూడు” అని కూడా చేర్చవచ్చు. విడిభాగాలను కొని తెచ్చి, యజమాని తానే బిగించుకొనే వాహనాన్ని ‘కిట్ కారు’ అంటారు. ఇంగ్లండులో కొలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ సంస్థ 1957లో ‘సెవెన్’ అనే తేలికపాటి కారును రూపొందించింది. పూర్తిగా తయారైన కారుపై అప్పట్లో కొనుగోలు పన్ను ఉండేది. విడిభాగాలుగా కొంటే ఆ పన్ను ఉండేది కాదు. అందువల్ల ఎందరో సామాన్యులు తమ ఇంటి కొట్టంలోనే కారును బిగించుకొన్నారు. 1973లో ఆ కారు తయారీ హక్కులు కేటర్‌హామ్ సంస్థకు సంక్రమించాయి.

ఇటువంటి సృజనశీలత తెలుగునాట కూడా ఉన్నది. హైదరాబాదుకు చెందిన కన్యబోయిన సుధాకర్ పాత ఇనుప సామాను నుండి క్రికెట్ బ్యాటు, కెమేరా వంటి ఆకృతులలో నడిచే కార్లను నిర్మించాడు. 2005లో ఆయన నిర్మించిన భారీ మూడు చక్రాల సైకిలు గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఆయన వాహనాలు బహదూర్‌పురాలోని ప్రదర్శనశాలలో కొలువుదీరాయి. ఇక విజయవాడ ఆటోనగర్‌లో ఛాసిస్‌పై లారీకి బాడీ కట్టే మేస్త్రీల నైపుణ్యం లోకవిదితమే.

అయితే ప్రదర్శనశాలలో చూపరులను అలరించే వాహనం వేరు, నిత్యం ప్రయాణించే వాహనం వేరు. ఒక యువకుడు తాను బిగించిన కారులో నేలకొండపల్లి నుండి ఖమ్మానికి రోజూ వెళ్ళిరావాలని తలచాడనుకొందాం. ఇంజను పలికి, చక్రాలు కదిలిన నాడు అతని సంతోషానికి మేర ఉండదు. కాని అసలైన పని ఆనాడే మొదలవుతుంది.

మొదటి పరీక్ష బ్రేకులది. బ్రేకు గొట్టాలలో గాలి మిగిలితే పెడలు మెత్తగా దిగిపోతుంది. కాబట్టి ఆ గాలిని పూర్తిగా తీసివేయాలి. ముందు, వెనుక చక్రాల బ్రేకుల మధ్య సమతూకం కుదరాలి. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకొంటే కారు అదుపు తప్పి అడ్డం తిరుగుతుంది. రోడ్డుపైకి హఠాత్తుగా గేదె వచ్చినప్పుడు ఈ సమతూకమే ప్రాణరక్షకమవుతుంది.

రెండవ పరీక్ష వేసవిది. కారు వేగంగా పోవునప్పుడు ఎదురుగాలి రేడియేటరును చల్లబరుస్తుంది. రైల్వే గేటు వద్దనో, సంతరోజు జనసమ్మర్దంలోనో ఆగినప్పుడు ఆ గాలి ఉండదు. అప్పుడు ఫ్యానే దిక్కు. మూడవది వానాకాలపు పరీక్ష. విద్యుత్తీగలను నీరు తగలకుండా, ఇనుప అంచుల రాపిడికి లోనుకాకుండా అమర్చాలి. ప్రతి వలయానికీ తగిన ఫ్యూజు ఉండాలి.

నాలుగవది గతుకుల పరీక్ష. ఇంజను అదురును అడ్డుకొనే రబ్బరు దిమ్మెలు సరిగా లేకుంటే ఆ అదురు కారు అంతటా వ్యాపించి నట్లను వదులు చేస్తుంది. అందుచేత కొత్తగా కట్టిన కారును కొద్ది దూరం నడిపిన తరువాత ప్రతి నట్టును మరల బిగించి చూడాలి. చక్రాల అలైన్‌మెంటును కూడా సరిచూడాలి. లేకుంటే కారు ఒక ప్రక్కకు లాగుతుంది, టైర్లు త్వరగా అరిగిపోతాయి. శిల్పి విగ్రహానికి చివర కన్నులు తెరిచినంత శ్రద్ధతో ఈ పని చేయాలి.

ఇన్ని పరీక్షలు నెగ్గినా చట్టం అనే పరీక్ష మిగిలే ఉంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తున్నది. సుప్రీంకోర్టు 2019లో ఈ విషయాన్ని స్పష్టంచేసింది. కొత్త నమూనా వాహనమైతే పుణేలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ వంటి అధీకృత సంస్థ దానిని పరీక్షించి ధ్రువపరచాలి. ఇది వ్యక్తిగత నిర్మాతకు ఎంతో వ్యయప్రయాసలతో కూడిన పని. అందువల్ల కొందరు నిరాశ చెందవచ్చు. మరికొందరు ఎవరూ చూడరులే అని రోడ్డెక్కవచ్చు. ఈ రెండూ తగవు. ఇంజనీరింగ్ విద్యార్థులు తాము నిర్మించిన వాహనాలను పరీక్షించుకోవడానికి 2007 నుండి ‘బాహా’ పోటీలు మన దేశంలో జరుగుతున్నాయి. అక్కడ రోడ్డుపై వెళ్ళే పరుల ప్రాణాలకు ముప్పు లేకుండానే ప్రతిభ నిగ్గుతేలుతుంది.

చట్టం సృజనకు శత్రువు కాదు. వాహనం లోపల కూర్చొన్న వానికి తన నిర్మాణంపై నమ్మకం ఉండవచ్చు. కాని బడికి నడిచి వెళ్ళే బాలికకు, తలపై గడ్డిమోపుతో ఎదురువచ్చే రైతుకు ఆ కారు ఎవరు కట్టారో తెలియదు. వారు దానిని నమ్మి దారిలో నడుస్తున్నారు. ఆ నమ్మకానికి తగినట్లు తీర్చిదిద్దినప్పుడే నిర్మాణం పూర్తి అవుతుంది. కట్టడం విద్య అయితే, తీర్చిదిద్దడం సంస్కారం.

అర్థాలు

తపన = తీవ్రమైన కోరిక
లోకవిదితం = అందరికీ తెలిసినది
జనసమ్మర్దం = జనుల రద్దీ
అధీకృత = అధికారం పొందిన
నిగ్గుతేలు = నాణ్యత రుజువగు

ప్రశ్నలు

1. నిత్య ప్రయాణానికి వాహనాన్ని తీర్చిదిద్దే క్రమంలో ఎదురయ్యే పరీక్షలను వివరించండి.
2. గోపన్న కథకూ వాహన నిర్మాతకూ రచయిత చూపిన పోలిక ఏమిటి?
3. “కట్టడం విద్య అయితే, తీర్చిదిద్దడం సంస్కారం” - ఈ వాక్యాన్ని సమర్థిస్తూ రాయండి.